తూగుడు తాత బాగా నవ్వించాడు

ఆ శనివారం సాయంత్రం పదునక్క ఇంట్లో కుర్చీలు చాలలేదు. పై అంతస్తు దంపతులు సొంత కుర్చీలు మోసుకుని దిగారు. ఎదురింటి టైలరమ్మ దిండు తెచ్చుకుని గోడకు చేరగిలపడింది. అందరూ వచ్చింది ఒక్క సినిమా కోసం. 'మంచు మీద మనసు' అనే ఆ టీవీ సినిమాను మొన్నటి చలికాలంలో వాళ్ల ఊరి స్కేటింగ్ రింకులోనే పదకొండు రోజులు తీశారు. ఆ రింకులోనే పదునక్కా, వాళ్ల నాన్నా పనిచేస్తారు.

పదునక్క అన్న పేరు పిల్లలు పెట్టింది. రింకు పక్కన అగ్గిపెట్టెంత గదిలో సానచక్రం ముందు కూర్చుని స్కేట్ల బ్లేడ్లకు పదును పెట్టడం ఆమె పని. నలభై దాటింది. ఆమె నోరు కూడా పదునేనని పిల్లల తల్లిదండ్రులు చాటుగా అనుకునేవాళ్లు. ఆ మాట ఆమె చెవిన పడింది కానీ, ఆమె కాదనలేదు. నాన్నను ఊరంతా ఐస్ మాస్టారు అంటుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ రింకులో మంచు ఆయన చేతి మీదుగానే గడ్డకడుతోంది. గంటకోసారి మంచు చదునుచేసే బండెక్కి, గీతలు పడ్డ పైపొరను గీకి, దాని మీద పల్చగా వేడినీళ్లు పరిచి, అద్దంలా చేసి దిగుతాడు. ఇక అమ్మకు రింకుతో పని లేదు. ఆమెకు శనివారం ఏడు గంటలకు ఆ ఛానెల్‌లో వచ్చే ప్రేమకథ ఉంటే చాలు. పద్నాలుగేళ్లుగా ఒక్క వారం తప్పలేదు.

సినిమా మొదలైంది. నగరంలో ఛాంపియన్ అయిన హీరోయిన్ పోటీలో జారిపడి, మనసు విరిగి, సొంత ఊరికి తిరిగొచ్చింది. అక్కడి రింకును పడగొట్టి దుకాణాలు కడతానని కోటు తొడుక్కున్న ఒకాయన తిరుగుతున్నాడు. రింకును కాపాడాలని కంకణం కట్టుకున్న హీరో వడ్రంగి. మొదటి సీన్లోనే హీరోయిన్ అతణ్ని గుద్దుకుంది. ఇద్దరి చేతుల్లోని కాఫీ ఇద్దరి మీదా ఒలికింది.

"ఇంక పెళ్లే," అంది టైలరమ్మ.

"పోయినసారి గుర్రాల పాకలో గుద్దుకున్నారు, అంతకుముందు బేకరీలో," అన్నాడు పై అంతస్తాయన.

"చూడనివ్వండయ్యా," అని అమ్మ విసుక్కుంది.

పదునక్క మాత్రం ఊరుకోలేకపోయింది. "ఆ పిల్ల కాళ్లు చూడమ్మా. బ్లేడ్లకు రబ్బరు తొడుగులు తియ్యనే లేదు. తొడుగులతో మూడు చుట్లు తిరిగిందట. మన చెవిలో పువ్వులు పెడుతున్నారు." అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

ముప్పావుగంట గడిచాక తెర మీదికి ఒక ముసలాయన వచ్చాడు. చెవులు కప్పే గోధుమరంగు టోపీ, నెరిసిన మీసం, కుంటి నడక. రింకులో మంచు చూసుకునేది అతనేనట. జేబులోంచి స్టీలు ఫ్లాస్కు తీసి గుటకేసి, మూతి తుడుచుకుని, బండెక్కబోయి అవతలి వైపు దబ్బున పడ్డాడు. సినిమాలో పిల్లలు "తూగుడు తాత, తూగుడు తాత" అని చప్పట్లు కొట్టారు.

పై అంతస్తాయన పకపకా నవ్వి, భార్య మోచేత్తో పొడిచాక టక్కున ఆపేశాడు.

ఆ టోపీ నాన్నది. "మాస్టారూ, రెండు రోజులు వాడుకుని ఇచ్చేస్తాం," అని దర్శకుడు అడిగి తీసుకున్నాడు. ఆ ఫ్లాస్కూ నాన్నదే. పదకొండు రోజులూ తెల్లవారుజామునే వెళ్లి వాళ్ల కోసం మంచు సిద్ధం చేసి, లైట్ల వేడికి మంచు చెమర్చకుండా ఎప్పుడు ఏ లైటు ఆపాలో చెప్పి, అందులోంచే వాళ్లందరికీ టీ పోశాడు. ఆ నడక కూడా ఆయనదే. పదకొండేళ్ల కింద బండికున్న నీళ్ల ట్యాంకు విప్పుతుంటే జారి ఎడమ పాదం మీద పడింది. ఎముక వంకరగా అతుక్కుంది. మూడో నెలలో మళ్లీ బండెక్కాడు. మద్యం మాట దేవుడెరుగు, దగ్గుమందు వాసనకే మొహం తిప్పుకునే మనిషి.

సినిమాలో తూగుడు తాత తాగి నిద్రపోయి, మంచును చల్లబరిచే యంత్రాన్ని ఆపేశాడు. పోటీకి ముందురోజు రింకు మడుగైపోయింది. ఊరు ఊరంతా బకెట్లతో నీళ్లు మోసి పోస్తే తెల్లారేసరికి మంచు తళతళలాడింది. ముసలాయన ఏడ్చి అందరి కాళ్లూ పట్టుకున్నాడు. అందరూ క్షమించారు. హీరోయిన్ గెలిచింది, పైకప్పున్న హాల్లో మంచు కురిసింది, హీరో హీరోయిన్లు ముద్దు పెట్టుకున్నారు. ఆఖర్న తాత ఇంకోసారి పడ్డాడు.

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"బకెట్లతో పోస్తే అది గడ్డకట్టి చదును కావడానికి వారం పడుతుంది," అన్నాడు నాన్న. లేచి వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాడు.

"సినిమాయే కదండీ," అంది అమ్మ, అటువైపు చూడకుండా.

పదునక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వాళ్ల నోటికి టీ అందించిన ఫ్లాస్కునే సారా సీసా చేశారమ్మా. సినిమాయే అయితే ఆ టోపీ ఎందుకు, ఆ కాలు ఎందుకు?"

అమ్మ టీవీ కట్టేసింది.

మర్నాడు పొద్దున పదునక్క ఛానెల్ వాళ్ల పేజీ తెరిచింది. ప్రేక్షకుల అభిప్రాయాలు అప్పటికే నాలుగు వందలు దాటాయి. వరసగా చదువుకుంటూ పోయింది. 'మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఏడ్చాను' అని ఒకామె. 'కథ ముందే తెలిసిపోతుంది, అందుకే హాయిగా ఉంటుంది, ఇంట్లో ఎలాగూ ఏదీ ముందుగా తెలిసి చావదు' అని ఇంకొకామె. హీరో స్వెటర్ ఎక్కడ దొరుకుతుందని పదిమంది అడిగారు. హీరోయిన్ కంటే ఆమె స్నేహితురాలే బాగుందని ఒక పెద్ద గొడవ నడుస్తోంది. వీటి మీద పదునక్కకు కోపమేమీ రాలేదు. ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ప్రతి అయిదారు అభిప్రాయాలకూ ఒకటి తగులుతోంది: 'తూగుడు తాత బాగా నవ్వించాడు.' 'తాత పడ్డప్పుడల్లా మా పిల్లలు కింద దొర్లి నవ్వారు.' 'ప్రతి ఊళ్లోనూ ఇలాంటి తాగుబోతు ఒకడుంటాడు, అచ్చుగుద్దినట్టు తీశారు.'

అచ్చుగుద్దినట్టు అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. తర్వాత కూర్చుని, రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఇలా రాసింది: 'ఆ టోపీ, ఆ ఫ్లాస్కు, ఆ కుంటి నడక మా నాన్నవి. ఆయన జీవితంలో మద్యం ముట్టలేదు. ఆ కాలు పనిలో విరిగింది. మీరు నవ్వింది ఒక నిజమైన మనిషిని చూసి.'

సాయంత్రానికి పన్నెండు జవాబులు వచ్చాయి. ముగ్గురు పాపమన్నారు. 'వినోదాన్ని వినోదంలా చూడటం నేర్చుకోండి' అని ఒకరు. 'ఇష్టం లేకపోతే ఛానెల్ మార్చుకోండి' అని ఇంకొకరు. చివరిది చదివి ఆమె ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. 'నిజంగానే తాగుతాడేమో, లేకపోతే ఇంత ఎందుకు గుచ్చుకుంటుంది.'

ఆ సాయంత్రమే ఆమె నాన్నతో అంది. "దీని మీద పేపరుకెక్కుదాం నాన్నా."

"ఎందుకురా. రెండు వారాలైతే మర్చిపోతారు."

"నువ్వు మర్చిపోగలవా?"

నాన్న టోపీ దులిపి కొక్కేనికి తగిలించాడు. "నేను మర్చిపోయే ప్రయత్నంలోనే ఉన్నాను. నువ్వే మర్చిపోనివ్వట్లేదు."

కానీ మరచిపోనిచ్చేవాళ్లు కరువయ్యారు. మంగళవారం ఆయన బండెక్కగానే అడ్డుగోడ అవతల నిలబడ్డ పిల్లలు పాట అందుకున్నారు. "తూగుడు తాతా, పడొద్దు." వాళ్లకు అందులో చెడ్డ ఏదీ కనబడలేదు. టీవీలో చూసిన మనిషి ఎదురుగా ఉన్నాడని సంబరం. నాన్న చెయ్యి ఊపాడు. బుధవారం కూడా ఊపాడు. గురువారం టోపీ పెట్టుకోకుండా వెళ్లాడు. చలికి చెవులు ఎర్రబడ్డాయి.

శుక్రవారం పొద్దున పదునక్క గదిలోకి వచ్చేసరికి నాన్న మేనేజరు గది ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎనిమిదిన్నరకు ఎక్కాల్సిన బండి ఎక్కలేదు. లోపల మంచంతా నిన్నటి గీతలతోనే ఉంది.

"ఏంటి నాన్నా ఇక్కడ?"

"ఏం లేదు. ఊదమన్నాడు."

"ఏం ఊదమన్నాడు?"

నాన్న గోడ వైపు చూశాడు. అరవై మూడేళ్ల మనిషి, బడిలో తప్పు చేసి బయట నిలబడ్డ పిల్లాడిలా చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పదునక్క తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్లింది.

మేనేజరు బల్ల మీద కొత్త బ్రీత్ అనలైజర్, ఇంకా దాని అట్టపెట్టె పక్కనే ఉంది. అతను చెడ్డవాడు కాదు. ఎవరైనా గట్టిగా అడిగితే కాదనలేని మనిషి, అదే అతని జబ్బు. "కూర్చోండక్కా. మాస్టారి మీద నాకే అనుమానమూ లేదు. ఒక పాప తల్లి రాసిచ్చింది. తాగిన మనిషి బండి నడుపుతుంటే పిల్లల్ని ఎలా పంపమంటారు అని. రాసిచ్చాక నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా. రోజూ పొద్దున ఒక్కసారి ఊదితే కాగితం మీద ఉంటుంది. ఉత్త ఫార్మాలిటీ."

"తాగడం ఆవిడ చూసిందా?"

"సినిమాలో..." అని అతను ఆగాడు.

"సినిమాలో," అంది పదునక్క. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు. "సినిమాలో మేనేజరు రింకు డబ్బు తినేసి పారిపోతాడు కదండీ. మరి మీ బీరువా తాళాలు ఎవరికిచ్చారు?"

అతని మొహం కందగడ్డలా అయింది. "అలా అంటే ఎలా అక్కా."

"ముప్పై ఒక్క ఏళ్లు. మీరు ఇక్కడ స్కేటింగ్ నేర్చుకున్నప్పుడు మీ కింద ఉన్న మంచు వేసింది ఆయనే. ఆయన్ని ఊదమంటే అందరం ఊదుదాం. టికెట్ల అమ్మాయి, కోచ్‌లు, నేను, మీరు. వరసలో ముందు మీరు నిలబడండి. ఆ రాసిచ్చినావిడ కారు నడుపుకుంటూ వస్తుంది కదా, ఆవిడా నిలబడాలి. అప్పటిదాకా నేను ఒక్క బ్లేడు ముట్టను."

అన్నట్టే ఆమె సానచక్రం తీగ పీకేసి, తన గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పదిగంటలకు పోటీకి తయారయ్యే పిల్లలు పన్నెండు మంది వచ్చారు. మొద్దుబారిన బ్లేడ్లు పట్టుకుని వరసకట్టారు. ఏమైందని అడిగిన ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ పదునక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. అరగంటలో కోచ్‌లు వెళ్లి మేనేజరు గది ముందు నిలబడ్డారు. మధ్యాహ్నానికల్లా ఆ యంత్రం అట్టపెట్టెలోకి తిరిగి వెళ్లింది. మేనేజరు బెంచీ దగ్గరికి వచ్చి, "మాస్టారూ, తప్పైంది," అన్నాడు.

"మంచు పాడైపోతోంది, ముందు దాన్ని చూద్దాం," అని నాన్న లేచాడు.

ఈ సంగతి నాన్న ఇంట్లో చెప్పలేదు. పదునక్కే అన్నం దగ్గర చెప్పింది. అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. శనివారం నుంచీ ఆమె ఆ సినిమా గురించి ఒక్క మాటా అనలేదు. మెచ్చుకుంటే కూతురికి కోపం, తిడితే తన ఇష్టాన్ని తానే తిట్టుకున్నట్టు అవుతుంది.

"మిమ్మల్ని ఊదమన్నారా?" అని అడిగింది నాన్నను.

"ఊదలేదులే."

"ఊదలేదు సరే. అడిగారా, లేదా?"

నాన్న తలూపాడు. అమ్మ కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కుంది.

ఆదివారం పదకొండు గంటలకు ఆ ఛానెల్‌లో ప్రేక్షకులు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం ఉంటుంది. అమ్మ పదింటికే ఫోను పట్టుకుని కూర్చుంది. గంటకు పైగా సంగీతం వినిపించాక లైను కలిసింది. పదునక్క టీవీ శబ్దం తగ్గించి పక్కన నిలబడింది. యాంకరమ్మ నవ్వుతూ, "చెప్పండమ్మా, మీకు ఏ పాత్ర బాగా నచ్చింది?" అంది.

"నేను పద్నాలుగేళ్లుగా మీ శనివారం సినిమా చూస్తున్నానమ్మా," అంది అమ్మ. "ఒకే కథ మీరు ఎన్ని వేషాల్లో చూపించినా చూశాను. బేకరీ అయినా, గుర్రాలైనా, స్కేటింగైనా ఆఖర్న అందరూ కలుస్తారని తెలిసే చూశాను. మంచివాళ్లకు మంచి జరుగుతుందని చూశాను. మీ సినిమాలో మంచు వేసినాయన మా ఆయన. మీ వాళ్లు మా ఆయన టోపీ పెట్టుకుని, మా ఆయన టీ తాగి, ఆయన్ని తాగుబోతును చేశారు. దాన్ని చూసి శుక్రవారం ఆయన పనిచేసే చోట నోట్లో గొట్టం పెట్టుకుని ఊదమన్నారు. ఇది ఏ రకం ప్రేమకథ?"

యాంకరమ్మ నవ్వు మొహం మీదే అతుక్కుపోయింది. "చాలా బాధాకరం అమ్మా, మీ అభిప్రాయం తప్పకుండా..."

"ఇది అభిప్రాయం కాదు. జరిగింది చెప్తున్నాను. అభిప్రాయం కావాలంటే అదీ చెప్తాను. మీకు సిగ్గు లేదు."

లైను తెగింది. ప్రకటనలు మొదలయ్యాయి. అమ్మ చీర చెంగుతో ఫోను తుడిచి బల్ల మీద పెట్టింది. నాన్న ఎప్పుడొచ్చాడో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులు వేసుకుని రింకుకు వెళ్లిపోయాడు.

ఛానెల్ నుంచి వారం తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. 'పాత్రలన్నీ కల్పితాలు, ఎవరి మనసైనా నొచ్చుకుంటే చింతిస్తున్నాం.' పదునక్క దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న బల్ల కాలి కింద పెట్టింది.

ఉత్తరం కంటే ఆశ్చర్యం ఆ మరుసటి బుధవారం జరిగింది. మధ్యాహ్నం రద్దీ లేని వేళ ఒక పెద్దాయన ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మీసం లేదు, టోపీ లేదు, నడక తిన్నగా ఉంది. అందుకే గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. తూగుడు తాత వేషం వేసిన నటుడు.

"మాస్టారు ఉన్నారా?" అన్నాడు. "మీ అమ్మగారి ఫోను విన్నాను."

పదునక్క చక్రం ఆపింది. రెండు వారాలుగా ఈ మనిషి కనబడితే అడగాలని కూర్చిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. "పదకొండు రోజులు ఆయన పక్కన కూర్చుని టీ తాగింది మీరే కదండీ. ఆయన నడక చూసి నేర్చుకున్నారా?"

"చూసే నేర్చుకున్నానమ్మా." ఆయన తల దించుకోలేదు. "నాకు ముప్పై ఏళ్లుగా తాగుబోతు వేషాలే ఇస్తారు. ఈసారి కథలో తాగుడు లేదు, మంచు వేసే పెద్దాయన అన్నారు. మీ నాన్న నడక, ఆయన పని చేసే తీరు నాకు నచ్చాయి. అలాగే చేద్దామనుకున్నాను. తొమ్మిదో రోజున దర్శకుడు వచ్చి, నవ్వు తగ్గింది, తాగించండి అన్నాడు. నేను కాదనలేదు. కాదంటే ఇంకొకణ్ని పెడతారు. నా తప్పు అక్కడుంది."

ఆమెకు ఆ మాటలతో కోపం తగ్గలేదు. తగ్గకూడదనే అనుకుంది. కానీ ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోవడం ఈ రెండు వారాల్లో ఇదే రెండోసారి.

నాన్న బండి దిగి వస్తున్నాడు. నటుడు రెండు చేతులూ జోడించి అదే మాట మళ్లీ చెప్పాడు, మొత్తం, ఏదీ దాచకుండా. నాన్న చేతి తొడుగులు విప్పుతూ విన్నాడు.

"మీ మీద నాకు ఒకటే ఫిర్యాదు," అన్నాడు చివరికి. "నాది ఎడమ కాలు. మీరు మొదటి సీన్లో ఎడమ కాలు కుంటుతారు, యంత్రం ఆపేసే కంప్రెసర్ గదిలో కుడి కాలు కుంటుతారు, ఆఖర్న మళ్లీ ఎడమ. నాలుగు వందల మంది రాశారట. ఒక్కరూ అది గమనించలేదు."

నటుడు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "నిజమేనా?"

"కావాలంటే చూడండి."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నాన్న ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆయనకిచ్చాడు. పదునక్కకు అది నచ్చలేదు. ఇంత తేలిగ్గా టీ పోస్తాడా అని లోపల రగిలింది. కానీ పరువు నాన్నది, క్షమించే హక్కూ ఆయనదే.

నటుడు వెళ్లిన రెండు రోజులకు తన పేరుతోనే ఛానెల్ పేజీలో జరిగింది రాశాడు. ఆ సంస్థ ఆ తర్వాత ఆయన్ని పిలవలేదని విన్నారు. ఆయన రాసిన దాని కింద కూడా అభిప్రాయాలు వచ్చాయి. ఎక్కువమంది మెచ్చుకున్నారు. కొందరు మాత్రం, 'తాతా, తర్వాతి భాగంలో ఎప్పుడు పడతావు' అని అడిగారు. పదునక్క ఆ పేజీని మళ్లీ తెరవలేదు.

నెల చివర్లో ఒక ఆదివారం, ఫిర్యాదు రాసిచ్చిన ఆవిడ కూతురి స్కేట్లు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. తనెవరో గుర్తుపట్టరనుకున్నట్టుంది. పదునక్క స్కేట్లు అందుకుని, చక్రం మీద నాలుగుసార్లు నడిపి, బ్లేడు మీద రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టి రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంది. ఎక్కడా తేడా లేదు. పిల్ల జారిపడితే ఆ పాపం తనకెందుకు.

ఆవిడే నోరు విప్పింది. "నేను పిల్లల క్షేమం కోసమే అడిగానండీ. టీవీలో అలా చూశాక భయం వేసింది. మీ మనసు కష్టపెట్టి ఉంటే సారీ."

"నా మనసుదేముందండీ," అంది పదునక్క స్కేట్లు చేతికిస్తూ. "నాకు చెప్పకండి. బండి మీదున్న ఆయనకు చెప్పండి. ఇంకో అయిదు నిమిషాల్లో దిగుతాడు."

ఆవిడ కాసేపు తటపటాయించి, కూతురి చెయ్యి పట్టుకుని అడ్డుగోడ దగ్గరికి నడిచింది. పదునక్క కిటికీలోంచి మెడ చాచి చూసింది. టోపీ పెట్టుకున్న నాన్న ఆఖరి చుట్టు తిరుగుతున్నాడు, వెనక తడి మంచు లైట్ల కింద మెరుస్తోంది. బండి గేటు దాటి ఆగింది. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. ఇంతలో ఎవరో కుర్రది లేసు తెగిందని కిటికీ కొట్టింది, పదునక్క ఇటు తిరగాల్సి వచ్చింది. మళ్లీ చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

"ఆవిడ చెప్పిందా నాన్నా?" అని సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగింది.

"ఏదో అంది," అన్నాడు నాన్న. "బండి చప్పుడులో సరిగా వినబడలేదు. మళ్లీ అడగడం బాగోదని ఊరుకున్నాను."